ఉప్పునీటిలో మూడేళ్ళు: ఒక కార్బన్ ఫైబర్ ట్రైపాడ్ గురించి

ఈ ట్రైపాడ్ కొని మూడేళ్ళు దాటింది. ఇంతకాలం దీని గురించి ఏమీ రాయకపోవడానికి కారణం ఒకటే. కొన్న నెలలోనే రాసే సమీక్షలో పెట్టెలోంచి తీసిన కొత్త వస్తువు మాత్రమే కనిపిస్తుంది. ఉప్పునీరు, ఇసుక, గాలి తమ పని తాము చేశాక అందులో ఏం మిగిలిందో తెలియాలంటే కొన్ని సీజన్లు గడవాలి. నేను ఫొటోలు తీసి బతికేవాణ్ణి. వారంలో ఎక్కువ రోజులు ఇళ్ళ లోపలి గదులు, కార్యాలయాలు, కేటలాగులకు వస్తువులు, సంస్థల ఉద్యోగుల ఫొటోలు తీస్తాను. పని లేని రోజులు కూడబెట్టుకుని సముద్రతీరాలకు వెళ్తాను. ఈ రెండు బతుకుల్లోనూ మారకుండా నా వెంట ఉన్న సామాను ఇదొక్కటే. కెమెరా మారింది, లెన్సులు మారాయి, ట్రైపాడ్ మాత్రం అదే.

ముందుగా కొలతలు చెప్పేస్తాను. కాళ్ళకు మూడు అంచెలు, పై గొట్టం వ్యాసం 32 మిల్లీమీటర్లు, తల (కెమెరాను పట్టి ఉంచే పై భాగం) లేకుండా బరువు 1.8 కిలోలు. పూర్తిగా చాపితే 145 సెంటీమీటర్ల ఎత్తు, మడిస్తే 64 సెంటీమీటర్ల పొడవు. కెమెరాను ఇంకా పైకి లేపే మధ్య స్తంభం లేదు. కాళ్ళను బిగించేవి తిప్పుడు లాకులు. 20 కిలోల బరువు మోస్తుందని తయారీదారు రాశాడు గాని, ఈ అంకెను లెక్కగట్టడానికి అన్ని సంస్థలూ పాటించే ఒకే పద్ధతి అంటూ లేదు కనుక దాన్ని నేను పట్టించుకోలేదు. సంస్థ పేరు రాయడం లేదు. ఇదే నిర్మాణంతో ట్రైపాడ్లు చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను చెప్పదలచుకున్నది కూడా ఆ నిర్మాణం గురించే. సముద్రం దగ్గర పనిచేసే ట్రైపాడ్‌ను ఎత్తు, బరువు చూసి ఎంచుకుంటే సరిపోదు. దాని ప్రతి ముక్కనూ ఏ పనిముట్టూ లేకుండా చేతులతో విప్పి, కడిగి, మళ్ళీ బిగించుకోగలమా అన్నది చూసి ఎంచుకోవాలి.

ఈ మాట నాకు దీనికి ముందు వాడిన ట్రైపాడ్ నేర్పింది. అది అల్యూమినియంది, గొళ్ళెంలా మడిచి మూసే లాకులు ఉన్నది. గదుల్లో పనికి దాన్ని మించింది లేదనిపించేది, ఎందుకంటే లాకు పడిందో లేదో చూడగానే తెలిసిపోయేది. తీరానికి తీసుకెళ్ళడం మొదలుపెట్టిన ఏడాదికి లాకుల బోల్టులు తుప్పుపట్టాయి. వాటిని విప్పడానికి ఆరుపలకల అలెన్ కీ కావాలి, తుప్పుపట్టిన బోల్టులో ఆ కీ పట్టు చిక్కదు. చివరికి ఒకరోజు తెల్లవారుజామున రాళ్ళ మీద ఒక లాకు ఉన్నట్టుండి ఊడిపోయి, కాలు లోపలికి జారి, కెమెరా పక్కకు ఒరిగింది. నా చెయ్యి దాని మీదే ఉండడం వల్ల పడకుండా ఆగింది. ఆ రోజు ఇక ఫొటోలు తీయబుద్ధి కాలేదు.

తీరంలో నా పని సూర్యోదయానికి గంట ముందే మొదలవుతుంది. సూర్యుడు క్షితిజానికి నాలుగు నుంచి ఆరు డిగ్రీల కింద ఉన్నప్పుడు నీటి మీద, తడి రాళ్ళ మీద పడే నీలి వెలుగు కోసం ముందే చేరుకోవాలి, అంటే ట్రైపాడ్‌ను చీకట్లో నిలబెట్టాలి. తిప్పుడు లాకుల సౌకర్యం ఇక్కడే తెలుస్తుంది. మడిచిన కాలి మీద రెండు లాకులూ పక్కపక్కనే ఉంటాయి కనుక గుప్పిట్లో రెండింటినీ కలిపి పట్టుకుని పావువంతు తిప్పితే చాలు, కాలు మొత్తం కిందికి జారుతుంది. చూపుతో పని లేదు. పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కనుక నీటి వేళ రోజుకు దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. ఆటు మొదలయ్యే వేళ తెల్లవారుజామున వచ్చే రోజులను ముందే చూసుకుని ప్రయాణం పెట్టుకుంటాను. నీరు దిగుతున్నప్పుడు రాళ్ళు తడిగా మెరుస్తాయి, కొత్త ఇసుక ఒక్క అడుగు ముద్రా లేకుండా బయటపడుతుంది, పైగా సముద్రం మన వైపు కాక అవతలికి జరుగుతూ ఉంటుంది.

ట్రైపాడ్‌కు అసలు పరీక్ష గట్టి నేల మీద కాదు, తడి ఇసుకలో. అల వచ్చి కాళ్ళను తాకి వెనక్కి మళ్ళేటప్పుడు ఒక్కసారి వంగి చూడండి. ప్రతి కాలి చుట్టూ నీరు సుడి తిరిగి, కింద ఉన్న ఇసుకను కొంచెం కొంచెంగా తవ్వుకుపోతుంది. నీరు వెళ్ళిపోయాక కాలి చుట్టూ గిన్నెలాంటి గుంట మిగులుతుంది. సముద్రం వైపు ఉన్న కాలి దగ్గర ఆ గుంట మిగతా రెండింటికన్నా లోతుగా ఉంటుంది. కంటికి ట్రైపాడ్ కదిలినట్టే ఉండదు. కాని లెన్సు ముందు పది స్టాపుల ఫిల్టరు పెట్టామంటే వెలుతురు వెయ్యో వంతుకు తగ్గుతుంది, సెకనులో 15వ వంతు చాలిన చోట నిమిషానికి పైగా షట్టర్ తెరిచి ఉంచాలి. ఆ నిమిషంలో నాలుగైదు పెద్ద అలలు వచ్చి పోతాయి. ఒక్కో అలకు కాలు వెంట్రుకవాసి దిగినా, తెర మీద పెద్దది చేసి చూసినప్పుడు రాతి అంచు పక్కనే దాని నీడలాంటి రెండో అంచు కనిపిస్తుంది. నా మొదటి ఏడాది ఫొటోల్లో నేను పారేసినవాటిలో చాలా వరకు ఇలా పోయినవే.

ఇక్కడ ఈ ట్రైపాడ్ నాకు బాగా కలిసొచ్చింది. పాదాల రబ్బరు బుష్‌లు తిప్పి తీసేసి, వాటి చోట పొడవైన స్టెయిన్‌లెస్ స్టీలు ములుకులు బిగించుకోవచ్చు. ఒక్కో కాలినీ విడివిడిగా పట్టుకుని ఇసుకలోకి జానెడు లోతున బలంగా దించి, కెమెరా పెట్టకుండానే రెండు అలలు పోనిస్తాను. ఇసుక కూరుకుని గట్టిపడ్డాకే కెమెరా ఎక్కిస్తాను. 32 మిల్లీమీటర్ల గొట్టం అలా నొక్కినప్పుడు వంగదు. సన్నటి కాళ్ళున్న ప్రయాణపు ట్రైపాడ్‌తో ఇదే పని చేస్తే కింది గొట్టం వణకడం చేతికి తెలుస్తుంది. మూడే అంచెలు కావడం కూడా మేలే, ఎందుకంటే కింది గొట్టం మరీ సన్నబడదు, ఇసుక దూరే లాకు కాలికి ఒకటి తగ్గుతుంది.

మామూలుగా ట్రైపాడ్ ఎత్తు పెంచాలంటే ముందు పై గొట్టం లాకే తీస్తాం, ఎందుకంటే లావుగా ఉండే గొట్టమే గట్టిది. నీళ్ళలో మాత్రం ఇది తలకిందులు చేయాలి. కింది గొట్టాన్ని ముందు పూర్తిగా చాపితే లాకులు నీటికి పైన ఉంటాయి, ఉప్పునీటిలో మునిగేది నున్నటి కార్బన్ గొట్టం ఒక్కటే అవుతుంది. ఇది ఏ ట్రైపాడ్‌కైనా వర్తిస్తుంది.

గాలి సంగతికొస్తే, తల కింద ఉన్న కొక్కేనికి సంచి వేలాడదీయమని అందరూ చెబుతారు. వేలాడదీస్తే అది గాలికి ఊగి, ఆ ఊపును ట్రైపాడ్‌కే అందిస్తుంది. సంచి అడుగు నేలకు ఆనేలా తాడు సవరించుకుంటే బరువు ఉంటుంది, ఊపు ఉండదు. కెమెరా మెడపట్టీ తీసేయాలి, అది గాలికి జెండాలా కొట్టుకుంటుంది. మధ్య స్తంభం లేకపోవడం ఇక్కడ పెద్ద వరం: గాలిలో అన్నిటికన్నా ముందు ఊగేది ఆ ఒంటి గొట్టమే. లేని భాగం ఊగదు, దాని లాకులో ఇసుకా చేరదు.

ఇక శుభ్రం చేసుకోవడం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ట్రైపాడ్ ఆయుష్షు ఇక్కడే తేలుతుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. నీరు ఆరిపోతుంది గాని అవి ఆరిపోవు, లాకుల మరచుట్ల మధ్య స్ఫటికాలుగా మిగులుతాయి. కొన్న కొత్తలో ఒక సాయంత్రం అలసిపోయి తడి కాళ్ళను అలాగే మడిచి పడుకున్నాను. రెండు రోజుల తర్వాత లాకు తిప్పితే కరకరమని చప్పుడు. విప్పి చూస్తే గ్రీజు, ఇసుక, ఉప్పు కలిసి మరచుట్ల నిండా బూడిదరంగు ముద్ద. గొట్టం చివర అల్యూమినియం రింగు కార్బన్‌కు అతుక్కునే చోట సన్నటి తెల్లని పొడి. కార్బన్ ఫైబర్ తుప్పుపట్టదన్న మాట నిజమే. అయితే కార్బన్‌కు విద్యుత్తును ప్రసరింపజేసే గుణం ఉంది, ఉప్పునీరు మధ్యలో చేరితే దానికి ఆనుకున్న అల్యూమినియం క్షీణించడం మొదలవుతుంది. అంటే కార్బన్ ట్రైపాడ్‌లో కాపాడుకోవాల్సింది కార్బన్‌ను కాదు, దానికి అతికించిన లోహాన్ని.

అప్పటి నుంచి తీరం నుంచి తిరిగొచ్చిన రోజే ఈ పని ముగిస్తాను. కాళ్ళను మడవకుండా, చాపి ఉంచినట్టే బయట మంచినీళ్ళు పోసి కడుగుతాను, ఎందుకంటే ఇసుక అంటిన గొట్టాన్ని లోపలికి తోస్తే ఆ ఇసుకంతా పై గొట్టంలోకి చేరుతుంది. తర్వాత లాకు రింగును చివరిదాకా తిప్పితే అది విడివడి వస్తుంది, గొట్టాన్ని మెల్లగా లాగాలి. గొట్టం పై చివర రెండు ప్లాస్టిక్ సగాలు ఉంటాయి, వాటి లోపలి బొడిపెలు గొట్టానికి ఉన్న రంధ్రాల్లో కూర్చుని ఉంటాయి. రింగు లోపల చీలిక ఉన్న ఇంకో ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. ఇవి పడిపోకుండా ఒక తువ్వాలు పరిచి, ఏ కాలి ముక్కలు ఆ కాలి పక్కనే పేరుస్తాను. మరలను పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, అన్నిటినీ గోరువెచ్చని నీటిలో ముంచి తీసి, నీడలో రాత్రంతా ఆరనిస్తాను. పొద్దున్నే మరలకు మాత్రమే సిలికాన్ గ్రీజు పల్చగా రాస్తాను. ప్లాస్టిక్ సగాలకు గాని, అవి ఆనే గొట్టానికి గాని గ్రీజు తగలకూడదు. అవి రాపిడితోనే పట్టు నిలుపుతాయి, గ్రీజు తగిలితే కాలు జారిపోతుంది. మూడు కాళ్ళకూ కలిపి విప్పి బిగించడానికి నాకు ఇప్పుడు 20 నిమిషాలు పడుతోంది. పాత ట్రైపాడ్‌కు ఇదే పని చేయాలంటే ఒక పూట సరిపోయేది కాదు, అందుకే చేసేవాణ్ణి కాదు.

లోపాలు లేవని కాదు. రెండో ఏడాదిలో ప్లాస్టిక్ సగాల్లో ఒకటి చీలింది, దాని బదులు కొత్తది తెప్పించుకోవడానికి సర్వీసు కేంద్రం దాదాపు ఆరు వారాలు తీసుకుంది. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ముక్క కోసం అంతకాలం ఒక కాలు కురచగా ఉన్న ట్రైపాడ్‌తో పని నడపాల్సి వచ్చింది. అడిగినప్పుడల్లా వచ్చేవారమనే సమాధానమే వచ్చింది. అరిగే భాగాలు రెండు సెట్లు ట్రైపాడ్‌తో పాటే ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. రబ్బరు బుష్‌లు కూడా వాటంతట అవే వదులవుతాయి. ఒకటి ఇసుకలో పోయింది, మళ్ళీ దొరకలేదు. కాళ్ళు పైన కలిసే చోట బోల్టులు ఆరు నెలలకోసారి వదులై, కాలిని వదిలితే తన బరువుకే కిందికి వాలిపోతోంది. వాటిని బిగించే అలెన్ కీ పెట్టెలోనే ఇచ్చారు గాని, అది మామూలు ఉక్కుది కావడంతో నాకన్నా ముందు దానికే తీరం పడలేదు, తుప్పుపట్టింది.

ప్రయాణంలో దీని పొడవు ఇబ్బంది పెడుతుంది. 64 సెంటీమీటర్లు విమానంలో చేతిసంచిలో ఇమిడే పొడవు కాదు, లగేజీలో వేయాల్సిందే. ములుకులను విప్పి వేరే సంచిలో పెట్టి అదే లగేజీలో వేస్తాను. తలగా వాడే, బంతి మీద తిరిగే బాల్ హెడ్‌ను తీసి బట్టల మధ్య చుడతాను. హెడ్ గురించి చెప్పవలసింది ఇంతే: దాన్ని నీళ్ళలో ముంచకూడదు, బంతికి నూనె రాయకూడదు, తడిబట్టతో తుడిచి తర్వాత పొడిబట్టతో తుడవాలి. కెమెరాను పట్టే బిగింపు కెమెరా అడుగున బిగించే 38 మిల్లీమీటర్ల వెడల్పు ప్లేట్ల పద్ధతిది కావడంతో నా పాత ప్లేట్లన్నీ పనికొచ్చాయి.

ఇక రోజువారీ పని. సోమవారం పొద్దున ఇదే ట్రైపాడ్ ఎవరింట్లోనో పాలరాతి నేల మీద నిలబడాలి, కాబట్టి ములుకులు తీసి రబ్బరు బుష్‌లు బిగించానా లేదా అని బయలుదేరే ముందు వేలితో తడిమి చూసుకోవడం నాకు అలవాటైపోయింది. గదుల ఫొటోల్లో కష్టమంతా కిటికీతోనే. బయటి వెలుతురుకు సరిపెడితే గది చీకటవుతుంది, గదికి సరిపెడితే కిటికీ తెల్లకాగితమవుతుంది. అందుకే ఒకే చోటు నుంచి వేర్వేరు వెలుతురుకు సరిపెట్టి మూడు నుంచి ఐదు ఎక్స్‌పోజర్లు తీసి తర్వాత కలుపుతాను, వాటి మధ్య కెమెరా పిసరంత కూడా కదలకూడదు. ఈ చిక్కు ఫొటోగ్రఫీ అంత పాతది. 1856, 1857ల్లో సముద్రాన్ని ఫొటోలు తీసిన ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే, నీలి వెలుగుకు అతిగా స్పందించే ఆనాటి కొలోడియన్ ప్లేట్ల (రసాయనం పూసిన గాజు పలకల) మీద నీరూ మబ్బులూ ఒకేసారి సరిగా పడక, ఆకాశానికొక నెగెటివ్, సముద్రానికొక నెగెటివ్ తీసి క్షితిజరేఖ దగ్గర కలిపి ప్రింటు వేశాడు. ఒకే ఆకాశాన్ని ఒకటికి మించిన చిత్రాల్లో వాడాడు. నేను ఇంటి కిటికీ దగ్గర చేసే పనీ, అక్కడ ఆయన చేసిన పనీ ఒకటేనని గుర్తొచ్చినప్పుడల్లా ఈ గదుల పని మీద నాకు గౌరవం పెరుగుతుంది.

వస్తువుల ఫొటోలకు కూడా ఈ స్థిరత్వమే కావాలి. ఒక చేతిగడియారాన్ని ముందు అంచు నుంచి వెనక అంచు దాకా స్పష్టంగా చూపాలంటే ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ 20, 30 ఫొటోలు తీసి కలపాలి. పక్కన ఎవరైనా నడిస్తే చెక్క నేల అదురుతుంది. ఆ అదురు అల్యూమినియంలో కన్నా కార్బన్‌లో త్వరగా అణగుతుంది. రెండు సెకన్ల టైమర్ పెడితే సరిపోతోంది, పాతదానికి పది సెకన్లు ఆగేవాణ్ణి. రోజుకు 40 వస్తువులు తీసే కేటలాగు పనిలో ఆ ఎనిమిది సెకన్లే గంటలవుతాయి.

ఒక్క పనికి మాత్రం ఇది పనికిరాదు. పత్రాలు, చిత్రపటాలు బల్ల మీద పరిచి నిట్టనిలువుగా పైనుంచి తీయాలంటే అడ్డంగా చాచే స్తంభం కావాలి. దీనికి అసలు స్తంభమే లేదు కనుక నేను ఆ పనికి వేరే స్టాండు వాడుతున్నాను. అలాంటి పనే ఎక్కువగా ఉండేవాళ్ళు దీన్ని కొనవద్దు. కొండలెక్కుతూ రోజంతా నడిచేవాళ్ళకు కూడా తలతో కలిపి రెండున్నర కిలోలు భారమే అవుతుంది. ఎత్తు చాలదని అనుమానించేవాళ్ళకు మాత్రం ఒక మాట: 145 సెంటీమీటర్ల పైన హెడ్, కెమెరా కూర్చుంటే కెమెరా కన్ను దాదాపు 160కి చేరుతుంది, నిలబడిన మనిషిని ఎదురుగా తీయడానికి అది చాలు.

ఇలాంటిదే కొనాలనుకునేవాళ్ళు దుకాణంలో కాళ్ళు చాపి ఊపి చూసి ఊరుకోకండి. ఒక కాలి లాకును చివరిదాకా తిప్పి, గొట్టాన్ని బయటికి తీసి, లోపలి ప్లాస్టిక్ ముక్కలను చేతిలోకి తీసుకోండి. మళ్ళీ అన్నీ యథాస్థానంలో కూర్చోబెట్టి బిగించండి. ఆ తర్వాత ఆ ముక్కలు విడిగా దొరుకుతాయా, ఎన్నాళ్ళలో వస్తాయి అని అడిగి, సమాధానాన్ని రసీదు మీద రాయించుకోండి. నేను అడగలేదు కనుకనే ఆరు వారాలు ఎదురుచూశాను. ఇప్పుడు నా సంచిలో చిన్న డబ్బా ఒకటి ఉంటుంది: మూడు జతల ప్లాస్టిక్ సగాలు, రెండు రబ్బరు బుష్‌లు, స్టెయిన్‌లెస్ స్టీలు అలెన్ కీ, సిలికాన్ గ్రీజు ట్యూబు, ఒక టూత్‌బ్రష్.